ద్వంద్వము, సంకులము: యంత్రరథ క్రీడల పూర్వకథ

1990వ సంవత్సరమున చికాగో నగరములోని నార్త్ పియర్ అను విపణిభవనమున బాటిల్‌టెక్ సెంటర్ అను పేర నొక క్రీడామందిరము వెలసెను. రుసుము చెల్లించి లోనికి పోయిన ఆటగానిని అచ్చట ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున అమర్చిన మూతగూటిలో కూర్చుండబెట్టెడివారు. ఆ గూటియందు కన్నుల కెదురుగా తెరయు, కుడిచేతి కందునట్లు తుపాకుల మీటయు, ఎడమచేతి కందునట్లు వేగమును హెచ్చించి తగ్గించెడి పిడియు, కాళ్లక్రింద రెండు పెడళ్లును, వానికి తోడు కుడియెడమల లెక్కకు మిక్కిలియైన బటన్లును ఉండెడివి. తలుపు మూసిన క్షణమునుండి ఆ మనుష్యుడు వీధిలోనుండి వచ్చిన సామాన్యుడు కాడు. పదులకొలది టన్నుల బరువుగల యొక ఉక్కు మహాకాయమును నడపెడి యోధుడు. గూళ్లన్నియు తీగలచేత నొకదానితో నొకటి కలుపబడి యుండుటచే, తెరపై తన మీదికి నడచివచ్చు శత్రువు కంప్యూటరు కల్పించిన బొమ్మ కాక, నాలుగడుగుల దూరమున మరియొక గూటిలో చెమట పట్టిన మొగముతో కూర్చున్న మరియొక మానవుడై యుండెడివాడు. ఆట ముగిసి వెలుపలికి వచ్చినవాని చేతికి ఒక అచ్చుకాగితము నిచ్చెడివారు. ఎవ్వరు ఎవ్వరిని కొట్టిరో, ఎవ్వని చేతిలో ఎవ్వడు కూలెనో ఆ కాగితముపై వరుసగా నుండెడిది.

ఆ కాగితమును తలచుకొనినప్పుడెల్ల నా మనస్సు దానిమీదనే నిలిచిపోవును. తన యెదుట నిలిచి పోరాడినవాడే తన్ను పడగొట్టెనని నమ్మి, వాని నేర్పును లోలోన మెచ్చుకొనుచు గూటినుండి దిగివచ్చిన ఆటగాడు, ఆ పత్రమును చదువగా, ఎదుటివానివి రెండు మూడు దెబ్బలే యనియు, తక్కినవన్నియు తాను కంటితోనైన చూడని మరి యిద్దరు ప్రక్కనుండియు వెనుకనుండియు కొట్టినవనియు కనుగొనవచ్చును. అప్పుడతడు ఓడినట్లా, మూకచేత చిక్కినట్లా? ఒక్కనితో ఒక్కడు తలపడుటలోని న్యాయమును, పదిమంది కలిసి పోరుటలోని బలమును ఒక్క ఆటలో ఎట్లు ఇముడ్చవలెను? బల్లమీది పాచికల నాటినుండి నేటి వఱకు జరిగిన నలువది యేండ్ల యంత్రరథ క్రీడాచరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానముల పరంపరయే యని నా దృఢవిశ్వాసము.

మెక్ అని క్రీడాకారులు వ్యవహరించెడి ఈ యంత్రమును యంత్రరథ మనుటలో అతిశయోక్తి లేదు. మనుష్యుని ఆకారమున కాలుసేతులు గలిగి, లోపల కూర్చున్న సారథియే యోధుడుగా నడపెడి ఈ మహాయంత్రము, మన భారతమునందలి రథమువలెనే, ఒక్క మనుష్యుని పౌరుషమునకు వంద రెట్ల బరువును కూర్చెడి సాధనము. రథములున్నచోట వాని వెలకట్టుటయు తప్పదు. ఉద్యోగపర్వమున కురుపితామహుడు దుర్యోధనుని కోరికపై ఉభయపక్షముల వీరులను రథు లెవ్వరో, అతిరథు లెవ్వరో లెక్కించి చెప్పుచు, కర్ణుని అర్ధరథునిగా నెంచుటయు, ఆ యవమానమునకు కర్ణుడు భీష్ముడు బ్రతికియున్నంతకాలము ఆయుధము పట్టనని ప్రతిన పూనుటయు తెలుగువారెరిగిన కథయే. భీష్మపర్వారంభమున ఉభయసేనలును చేసికొన్న సమయములలో రథికుడు రథికునితోను, గజారోహకుడు గజారోహకునితోను, అశ్వికుడు అశ్వికునితోను, పదాతి పదాతితోను పోరవలెనను నియమము కలదు. ఆ నియమము పదుమూడవ దినమున ఏమైనదో అభిమన్యుని మరణము చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్ది చివరి పాదమున అమెరికాయందును జపానునందును ఆటలు కట్టినవారు మన భారతమును చదివిరో లేదో నేనెరుగను. అయినను వారు తడవుకొనుచు చేరిన మజిలీలు మాత్రము ఇవియే. బలమునకు అంకె వేయుట, సమానుని సమానునితో జోడించుట, ఒక్కని మీద పలువురు పడకుండ కట్టడి చేయుట.

చికాగోలోని ఫాసా అను సంస్థ 1984లో జోర్డన్ వైస్‌మన్, రాస్ బాబ్‌కాక్ అనువారి పూనికతో బాటిల్‌డ్రాయిడ్స్ అను బల్లమీది యాటను వెలువరించెను. డ్రాయిడ్ అను మాట తనదని స్టార్ వార్స్ చిత్రములను నిర్మించిన లూకాస్‌ఫిల్మ్ హక్కు చెప్పుటచే, దానికి బాటిల్‌టెక్ అని పేరు మారెను. పైని చెప్పిన గూళ్ల మందిరమునకు మాతృక ఈ యాటయే. ఆరు కోణముల గళ్లు గీసిన పటము, సీసపు బొమ్మలో అట్టబొమ్మలో కొన్ని, రెండు పాచికలు, ఒక పెన్సిలు: పరికరము లింతియే. యంత్రములు 20 టన్నుల మొదలు 100 టన్నుల వఱకు నాలుగు తరగతులుగా నుండును. ప్రతి యంత్రమునకు నొక పత్రము. ఆ పత్రముపై తల, ఱొమ్ము, ప్రక్కలు, చేతులు, కాళ్లు విడివిడిగా గీయబడి, ఒక్కొక్క యవయవమునందు కవచపు బలమునకు గుర్తుగా సున్నలుండును. దెబ్బ తగిలినప్పుడెల్ల పాచికలు వేసి, పడిన సంఖ్యను బట్టి అవయవమును నిర్ణయించి, ఆ సున్నలను పెన్సిలుతో నింపవలెను. ఎదుటనుండి తగిలిన దెబ్బకు ఏడు పడిన నడుఱొమ్ము, పండ్రెండు పడిన శిరస్సు.

ఈ పాచికలయందొక రహస్య మున్నది. నలుగురు కలిసి ఒక్కని కొట్టినను, ఆ నలుగురి గుండ్లును ఒక్కచోట తగులవు. ఒకటి ఎడమచేతిమీద, ఒకటి కుడికాలిమీద, ఒకటి ప్రక్కటెముకలమీద చెదరిపోవును. కావున ఒంటరివాడు చితికిపోవును గాని తత్క్షణమే కూలడు. తిరిగి రెండు మూడు దెబ్బలు తీసి, పేరు నిలుపుకొని పడగలడు. పాచికకు పక్షపాతము లేదందురు గాని, బల్లమీద అది ఎల్లప్పుడును ఏకాకి పక్షమునే వహించినది. దానికి ఎదురు తూకముగా ఈ యాటలోనే వేడిమి యను నియమము పలువురి పక్షమును వహించెను. ఆయుధమును ప్రయోగించిన ప్రతిసారియు యంత్రము కాగును. కొలతపై 30 అంశములకు చేరినచో దానంతటది ఆగిపోవును. ఒంటరివాడు తాను కాగినప్పుడు కాల్పు మాని, శత్రువు దెబ్బలను సహించుచు చల్లారవలసినదే. ఇద్దరున్నచో ఒకడు చల్లారుచుండగా నొకడు కాల్చును. వారి తుపాకులకు విరామమే యుండదు. సాహచర్యముయొక్క అసలు లాభము తుపాకుల సంఖ్య పెరుగుటయందు కంటె, ఊపిరి తీసికొనుటకు వ్యవధి దొరకుటయందే యున్నదని మొదట కనుగొన్న ఆట బహుశః ఇదియే.

ఆ సంస్థవారు అంతటితో నాగలేదు. 1990 ప్రాంతమున వారు క్లానులను తమ కథలోనికి ప్రవేశపెట్టిరి. అంతరిక్షపు అంచులనుండి దిగివచ్చిన ఈ యోధకులముల యంత్రములు పాతవానికంటె తేలికయైనవి, వేడిని త్వరగా పోగొట్టుకొనునవి, దూరమునుండి గట్టిగా కొట్టగలవి. సరిసమానముగా బొమ్మలను నిలిపినచో పాతపక్షము నిలువజాలదు. అప్పుడు రచయితలు అంకెలను ముట్టుకొనక, క్లానులకు ఒక ధర్మమును కల్పించిరి. ఒక క్లాను యోధుడు ఒక శత్రువును పేరుపెట్టి పిలిచినచో, తక్కినవారెవ్వరును వారిద్దరి నడుమ చేయి పెట్టరాదు; శత్రుపక్షమువాడు ఆ నియమమును భంగపరచినచో, అటుపిమ్మట కట్టడి లేదు. ఈ ధర్మమునకు జెల్‌బ్రిగెన్ అని పేరు. ఇంతేకాక, యుద్ధమునకు ముందు క్లాను సేనానులు తమలో తాము వేలమువేసికొని, అందఱికంటె తక్కువ సేనతో గెలుతునన్నవానికే యుద్ధాధికారము నిచ్చెడివారు. బలవంతునికి ద్వంద్వమును ధర్మముగా విధించి, బలహీనునికి గుంపును ఆశ్రయముగా విడిచిపెట్టిన ఈ ఏర్పాటు, నేనెరిగిన సమతూకములలో మిక్కిలి ఉదాత్తమైనది. ఇందులో ఆయుధము మొండిపడదు, కవచము పెరుగదు. యోధుని స్వభావమే తూకపురాయి యగును. 1991లో సోలారిస్ అను గ్రహమును కేవలము ద్వంద్వములకై నిర్మించిన రంగస్థలముగా వర్ణించుచు ఫాసావారొక ప్రత్యేకమైన పెట్టెను వెలువరించిరి. గుంపుపోరునకు వ్రాసిన నియమములు ఇద్దరి పోరునకు చాలవని వారే ఒప్పుకొని, దానికి వేరు నియమములు కూర్చిరి.

బల్లమీదినుండి కంప్యూటరులోనికి ఆట మారినప్పుడు జరిగిన మార్పును చూచినవారు చాలమంది దాని వేగమును, రూపమును మెచ్చుకొనిరే గాని, పాచిక పోయిన సంగతిని గమనింపరైరి. 1995లో యాక్టివిజన్ సంస్థవారి మెక్‌వారియర్ 2 వచ్చెను. దానికి మరుసటి యేట నెట్‌మెక్ అను అనుబంధము చేరి, దూరదేశపు ఆటగాండ్రు టెలిఫోను తీగలమీదుగా ఒకరినొకరు ఎదిరింప మొదలిడిరి. ఇచట గురి చూచువాడు మనుష్యుడు. తాను కోరిన అవయవమునే తాను కొట్టగలడు. అన్ని ఆయుధములను ఒక్కసారి ఒక్కచోట కుప్పింపగలడు. పదిమంది ఒక్కని నడుఱొమ్ముమీదనే గురిపెట్టినచో, వానికి తిరిగి చూచు వ్యవధియైన నుండదు. ఏకాకిని రక్షించుచు వచ్చిన పాచిక లేకపోవుటయే దీనికి మూలము.

దీనికి గణితమును కలదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు మొదటి ప్రపంచసంగ్రామకాలమున, 1916లో, విమానయుద్ధమును గుఱించి ప్రకటించిన గ్రంథములో ఈ విషయమును సూత్రీకరించెను. కత్తులతో పోరెడి కాలమున ఒకనికి ఒక్కడే యెదురు నిలువగలడు గావున సేనాబలము సంఖ్య ననుసరించి పెరుగును. దూరమునుండి కాల్చెడి ఆయుధములు వచ్చినపిమ్మట పలువురు ఒక్కనిమీద గురిపెట్టగలరు గావున బలము సంఖ్యయొక్క వర్గము ననుసరించి పెరుగును. పండ్రెండుగురితో పండ్రెండుగురు తలపడిన ఆటలో మొదట నొకడు కూలినాడనుకొందము. తక్కినవారందఱును సమాన నిపుణులే. పండ్రెండు వర్గము 144, పదునొకండు వర్గము 121, భేదము 23, దాని వర్గమూలము దాదాపు అయిదు. అనగా తుదివఱకు పోరాడినచో, పదునొకండుగురును నశించునప్పటికి రెండవ పక్షమున దాదాపు అయిదుగురు నిలిచియుందురు. ఒక్కడు తొందరపడి ముందునకురికి పడిపోయిన తప్పునకు ఫలితము అయిదుగురి అంతరము! గుంపుపోరులో ఒంటరిగా తిరిగెడివానిని తోడివారు తిట్టిపోయుటకు కారణము వారి కోపస్వభావము కాదు, ఈ వర్గసూత్రమే.

కెనడాదేశపు వాంకూవరు నగరములోని పిరాన్యా గేమ్స్ వారు 2012లో ప్రజలకు పరీక్షార్థము విడిచి, 2013లో సంపూర్ణముగా వెలువరించిన మెక్‌వారియర్ ఆన్‌లైన్ ఈ సూత్రముతో పెనుగులాడిన కథ సవివరముగా చెప్పదగినది. బల్లమీది కవచపు అంకెలను వారు ఇనుమడింపజేసిరి. గురి కుదిరిన గుండ్లు మనుష్యుని అంత త్వరగా కూల్చకుండుటకే ఈ యేర్పాటు. ఒకే తరగతి ఆయుధములను పెక్కింటిని ఒక్కసారి కాల్చినచో అదనపు వేడిమి పుట్టునట్లు 2013లో నియమించిరి. ఆటగాండ్రు దానికి దయ్యపు వేడి యని పేరు పెట్టిరి. ఆట మొదట ఎనమండుగురి పక్షములతో నుండి, పిదప పండ్రెండుగురి పక్షములకు పెరిగెను. ఆ దినములలో ఒక్కొక్కరుగా వచ్చి చేరిన అపరిచితులమీద, మాటలాడుకొనుచు కలిసివచ్చిన జట్లు పడి వారిని ఊచకోత కోయసాగెను. దానిపై వచ్చిన మొరలకు అంతము లేదు. జట్టునందు నలువురికి మించరాదనిరి. మరి కొంతకాలమునకు ఏకాకులకొక వరుస, జట్లకొక వరుస వేరుచేసిరి. నాలుగు బరువు తరగతులలో ఒక్కొక్కదాని నుండి మువ్వురు మాత్రమే యుండవలెననిరి. రథికుడు రథికునితో, గజారోహకుడు గజారోహకునితో నన్న పాత సమయము ఈ విధమున వాంకూవరునందు మరల పుట్టెను. ఆటగాండ్రు తఱుగగా కొన్నియేండ్లకు రెండు వరుసలను మరల ఒక్కటి చేయవలసివచ్చెను.

ఒక్క ఆయుధమును దగ్గఱగా పరిశీలించినచో ఈ చిక్కు ఎంత లోతైనదో తెలియును. ఈ యాటలో దూరక్షిపణులు కలవు. కొండచాటున దాగినవాడు తాను శత్రువును చూడకున్నను, ముందున్న తోడివాడు చూచి గుర్తించినచో, వాని కంటితో గురిపెట్టి కొండమీదుగా క్షిపణులను వర్షింపగలడు. జట్టులో ఇది మహాస్త్రము: ఒకడు కన్ను, ఒకడు చేయి. ద్వంద్వమున కన్నగుటకు తోడివాడు లేడు. తాను బయటపడి చూడవలెను, చూచిన క్షణమున తానును కనబడును. మిక్కిలి దగ్గఱికి వచ్చినవానిమీద ఆ క్షిపణి పనిచేయదు. దాని బలమును ద్వంద్వమునకు చాలునట్లు పెంచినచో గుంపులో అది ప్రళయమగును. గుంపునకు తగినట్లు తగ్గించినచో ద్వంద్వమున అది మోతబరువు. ఒక్క అంకెతో రెండు ధర్మములను నెరవేర్పజాలము. 2014లో క్లాను యంత్రములు ఈ యాటలోనికి వచ్చినప్పుడు, కథలోని జెల్‌బ్రిగెన్ ధర్మమును ఆటగానిచేత పాటింపజేయు ఉపాయము లేనందున, నిర్మాతలు ఆ యంత్రముల లేజరు కిరణములు ఎక్కువసేపు మండునట్లును, ఫిరంగులు ఒక్క గుండుగా గాక తునుకలు తునుకలుగా పేలునట్లును మార్చిరి. ధర్మము చేయవలసిన పనిని అంకెకు అప్పగించిన నాడే క్లానుల గాంభీర్యము సగము పోయినదని నా బాధ. వారిని నిందింపజాలను, ముఖమెరుగని లక్షమంది చేత ఒక నీతిని పాటింపజేయుట ఏ నిర్మాతకును సాధ్యము కాదు.

2018లో వారే సోలారిస్ 7 అను పేర ఒంటరిపోరునకును జంటపోరునకును వేరొక రంగమును తెరచి, యంత్రములను బరువును బట్టి గాక పోరాటమునందలి యోగ్యతను బట్టి ఏడు శ్రేణులుగా విభజించిరి. ఆలోచన మంచిది. కాని ఉన్న కొద్దిపాటి జనమును ఏడు శ్రేణులకును, అందు మరల ఒంటరికిని జంటకును పంచగా, ప్రత్యర్థికై కాచుకొని కూర్చుండుటయే ఆటయంతసే పయ్యెను. ద్వంద్వమునకు న్యాయము కావలెను, న్యాయమునకు శ్రేణులు కావలెను, శ్రేణులకు జనము కావలెను. జనమో గుంపుపోరునందే యున్నారు.

జపానుదేశమున ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ దీనికి ఎదురుమార్గమున నడచెను. 1997లో వారి ఆర్మర్డ్ కోర్ ప్లేస్టేషన్‌పై వచ్చినప్పుడు అది తీగతో కలిపిన రెండు యంత్రములమీద ఇద్దరాడుకొను ద్వంద్వము. ఆ యేటనే వచ్చిన అనుబంధమునందు వరుసక్రమమున ఒక్కొక్కని ఓడించుచు పైకెక్కెడి అరీనా చేరెను. 1999లో మాస్టర్ ఆఫ్ అరీనా అను పేరనే ఒక ఆట వచ్చెను. అటువంటి ద్వంద్వోపాసకులే 2006లో క్రోమ్‌హౌండ్స్ అను ఆటలో ఆరుగురి జట్లను పెట్టి, ఒక చక్కని కట్టడి చేసిరి. ఆటగాండ్రు పటముపైనున్న వార్తాగోపురములను వశపరచుకొన్నంతమేరకే, ఆ గోపురముల పరిధిలో నున్నంతసేపే, తమ తోడివారితో మాటలాడగలరు. పరిధి దాటి ముందునకు పోయినవాడు మూగవాడు, చెవిటివాడు. చుట్టును అయిదుగురు మిత్రులున్నను వాడు ఏకాకియే. జట్టుబలము అంకెలయందు లేదు, మాటయందున్నదని ఇంత స్పష్టముగా చూపిన ఆటను నేను మరియొకదాని నెరుగను. ఆ మాటను గెలుచుకొనవలసిన వస్తువుగా చేయుట గొప్ప ఊహ. 2010 జనవరిలో దాని సర్వర్లు మూతపడుటతో ఆ యుద్ధభూమి యంతయు అదృశ్యమయ్యెను. తాళపత్రము చెదపట్టినను ఒక పంక్తియైన మిగులును. ఇట్టి యాటకు అదియు లేదు.

2012లో ఆర్మర్డ్ కోర్ అయిదవది పూర్తిగా జట్ల ఆటగా వచ్చెను. నలువురు యోధులు, వారిపైన యుద్ధము చేయక పటమును చూచుచు దారిచెప్పెడి నియామకుడొకడు. పదునైదేండ్లుగా ఒంటరిపోరునే నేర్చినవారికి ఇల్లు మారినట్లయ్యెను. జట్టులేనివాడు కూలికి మరియొక జట్టున చేరి పోరు నవకాశమును ఇచ్చిరి గాని, కూలియోధునికి జట్టుమీద మమకారమెట్లు కలుగును? 2023 ఆగష్టులో ఆరవది వచ్చునప్పటికి వారు ఒక్కనికొక్కడును, మువ్వురికి మువ్వురును అను రెండు పోరులను ప్రక్కప్రక్కన నిలిపిరి. అందును చిక్కు తప్పలేదు. దెబ్బలు వరుసగా తగిలినకొలది యంత్రము తూలెడి ఒక కొలత ఆ యాటలో నున్నది. అది నిండిన క్షణమున యోధుడు నిశ్చేష్టుడై నిలుచును. ద్వంద్వమున దానిని నింపుట ఒక శిల్పము. మువ్వురు ఒక్కనిమీద పడినచో అది కన్నుమూసి తెరచునంతలో నిండును.

క్యాప్‌కామ్ వారు 2002లో నలువది బటన్ల బల్లతో వెలువరించిన స్టీల్ బెటాలియన్‌ను గుఱించి ఒక్కమాట. యంత్రము పేలుటకు ముందు బయటపడు బటను నొక్కనిచో, యోధుడు మరణించి వాని భద్రపరచిన చరిత్ర యంతయు చెరిగిపోవును. మరణమునకు అంత విలువ కట్టిన ఆటలో గుంపుమీదికి ఒంటరిగా ఉరికెడి సాహసి యెవ్వడుండును?

ఇక నా మనస్సునకు అన్నిటికంటె నచ్చిన సమాధానము టోకియో గేమ్ సెంటర్లలో పుట్టినది. సెగా సంస్థవారి వర్చువల్ ఆన్, రెండు చేతులకు రెండు మీటలతో, 1990ల నడుమ ద్వంద్వముగనే మొదలై, 2001లో ఫోర్స్ అను అవతారమున ఇద్దరిద్దరి పోరుగా మారెను. ప్రతి జంటలో నొకడు నాయకుడు. తోడివాడు కూలినను పోరు సాగును, నాయకుడు కూలినచో ఓటమి. అదే సంవత్సరమున క్యాప్‌కామ్ నిర్మించిన గండమ్ ఆట, ఫెడరేషన్ వర్సెస్ జియోన్, నాయకునికి బదులు ధరను పెట్టెను. ఈ ధర యను నేర్పాటును 2010లో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ వర్సెస్‌నుండి చూపినచో సులభముగా బోధపడును. జంటకు ఉమ్మడిగా 6000 అంశముల నిధి. ప్రతి యంత్రమునకును ధర కలదు: బలిష్ఠమైనది 3000, దాని తరువాతివి 2500, 2000, చివరిది 1000. కూలినవాడు మరల లేచివచ్చును గాని, వాని ధర ఉమ్మడి నిధినుండి తఱుగును. నిధి నిశ్శేషమైన పక్షము ఓడును.

చెడుగుడు ఆడి పెరిగిన తెలుగువానికి ఈ మరల లేచుట కొత్త కాదు. కూతపెట్టి ఒంటరిగా అవతలి బరిలోనికి పోయినవాడు ఏడుగురి నడుమ ఏకాకి. వాడు అంటించి వచ్చినచో తనవారిలో చచ్చినవాడు బ్రతుకును. నేటి నియమములలో మువ్వురో అంతకు తక్కువో మిగిలిన జట్టు కూతగాని పట్టినచో అదనపు అంశము నిచ్చుచున్నారు; లాంచెస్టరు వర్గసూత్రమునకు విరుగుడు మన ఆటబరిలో నట్లున్నది.

గండమ్ ధరల లెక్కలో నొక మెలిక కలదు. 3000 ధరగల యోధుడును 2000 ధరగల యోధుడును జంటగా దిగిరనుకొందము. పెద్దవాడు మొదట కూలెను: నిధి 3000. పిదప చిన్నవాడు కూలెను: నిధి 1000. ఇది సక్రమమైన వరుస. పెద్దవాడు ఒకసారి నిండుబలముతో మరల లేచివచ్చెను. వరుస తప్పి చిన్నవాడు మొదట కూలెనా, నిధి 4000. తరువాత పెద్దవాడు కూలునప్పటికి మిగిలినది 1000. వాని ధర 3000, ఉన్నది 1000. అందుచే వాడు సగము ప్రాణమునకు తక్కువతో లేచివచ్చును. కావున చిన్నవాడు వీరత్వమునకు పోయి ముందుగా పడరాదు. వాని ధర్మము వెనుదిరిగి తప్పించుకొనుచు కాలము గడపుట. పెద్దవాని ధర్మము ముందునిలిచి ఇద్దరి చూపును తనవైపునకు లాగికొనుట. శత్రువులు దీనిని ఎరుగుదురు గావున పెద్దవానిని విడిచి చిన్నవాని వెంటబడుదురు. ఒక్కనిమీదనే ఇద్దరును పడుటకు ఆటగాండ్రు పెట్టిన పేరు కతాఒయి, ఒంటివైపు తఱుముట. అభిమన్యునికి జరిగినది అదియే. కాని ఇచట ఇద్దరును ఒక్కనిని తఱుముచున్నంతసేపు వారి వెన్ను పెద్దవానికి తెఱపి యగును. గుంపుగట్టిన పాపమునకు శిక్ష ఆ పాపమునందే ఇమిడియున్నది. క్లానుల ధర్మమును ఆటగాని మనస్సున నాటజాలని పనిని ఈ నిధి వాని లాభనష్టముల లెక్కలో నాటినది.

ఆ ఆటగాండ్ర పరిభాషలోనే మరియొక మాట కలదు: గిజి-తై. ఒక్కనికొక్కడు పోరుటను తైమన్ అందురు. గిజి యనగా నకలు. ఇద్దరిద్దరి పోరు నడుమ, రెండు జంటలును విడివడి, రంగస్థలపు రెండు కొసలకు జరిగి, ఒక్కొక్కడు ఒక్కొక్కనితో తలపడినప్పుడు దానిని గిజి-తై అందురు. నిజమైన ద్వంద్వము కాదు. ఏలననగా ఎప్పుడేని దూరమునుండి ఒక కిరణము వచ్చి ప్రక్కటెముకలో గ్రుచ్చుకొనవచ్చును. అయినను ఆ క్షణములందు చూచినచో, నలువురి ఆటలోనుండి ఇద్దరి ఆట తనంతట తాను మొలకెత్తినట్లుండును.

కడపటి ఘడియ యిట్లుండును. ఇరుపక్షముల నిధులును 1000కి దిగినవి. నలువురిలో నెవ్వడు కూలినను ఆట ముగియును. తోడివా డిప్పుడే కూలి మరల లేచివచ్చుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ కొన్ని క్షణములు ఇటువైపు ఒక్కడే. అటువైపు ఇద్దరిలో నొకడు గోడచాటున చిక్కుకొని చూపునకు దూరముగా నున్నాడు. మిగిలిన ఇద్దరును ఒకరికొకరు ఎదురై నిలిచిరి. మీటలమీద వ్రేళ్లు బిగిసినవి. ప్రక్కకుర్చీలోని తోడివాడు తన చేతులను మీటలనుండి తీసి, తన తెరను విడిచి, మిత్రుని తెరవంక చూచుచున్నాడు.